కూలర్ జోలికి పోవద్దు, పాపా

పాపకు,

మే నెలలో మన చర్చి హాల్లోనే రికార్డింగ్ పెట్టుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ పియానోకు రాసిన ‘గాస్పార్ ద లా న్యుయి’ మొత్తం వాయిస్తావట! రష్యన్ స్వరకర్త బలకిరెవ్ ‘ఇస్లామే’ కంటే కష్టంగా ఉండాలని పంతం పట్టి రవెల్ 1908లో రాసిన పీస్ అది. దాన్ని వాయించే పిల్ల మా ఇంట్లో పుట్టిందని సాయంత్రం వీధిలో నలుగురికి చెప్పి వచ్చా. వాళ్లకేం అర్థమైందో దేవుడికెరుక. కానీ కడపలో మే నెలేంది పాపా? ఎవరిచ్చారీ సలహా?

గోళ్లు తీసుకో. ఫ్యాన్లు ఆపించు. ట్యూనింగ్ చేసే ఆయన్ను పని అయ్యేదాకా ఊరు దాటనీయొద్దు. అందులో చివరి భాగం ‘స్కార్బో’ రోజుకు రెండుసార్లు మించి వాయించొద్దు, ముంజేతులు పట్టేస్తాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

కూలర్ సంగతి తెలియదు. నా కుర్రతనంలో క్యాసెట్ కోసం ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త పియానో పీసులు రికార్డు చేశా. అదీ మే నెలే, అదే హాలు. మొదటిరోజు చెమటకు వేళ్లు జారిపోయాయి. నా అవస్థ చూడలేక మీ అమ్మ ఇంట్లో ఉన్న ఒక్క కూలర్‌ను రిక్షాలో వేసుకొచ్చింది. పియానో పక్కనే పెట్టి వారం రోజులు రాత్రింబవళ్లు నడిపా. వాయించేటప్పుడు మాత్రం ఆపేవాణ్ణి. వట్టివేళ్ల వాసన, చల్లటి గాలి. స్వర్గమే అనుకో. మొదటిరోజు టేపును, చివరిరోజు టేపును కలిపి విన్న రికార్డిస్టు, “రెండు పియానోలు వాడారా సార్?” అన్నాడు.

పియానోలో తీగల మోతను పెంచే సౌండ్‌బోర్డ్ పలుచటి చెక్క. కూలర్ గాలిలోని తేమ తాగితే ఉబ్బి తీగల్ని పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. అన్ని స్వరాలూ ఒకేలా పెరిగితే ఏదో సర్దుకోవచ్చు. మధ్య స్వరాలే ఎక్కువ కదులుతాయి. నీ పీస్ రెండో భాగం ‘ల జిబె’లో మొదటి నుంచి చివరిదాకా ఒకే బి ఫ్లాట్ స్వరం గంటలా మోగాలి కదా. అది టేకుకొక తీరుగా మోగితే ఏం చేస్తావు?

ఏసీ అంటావేమో. అది ఉన్న తేమను కూడా లాగేస్తుంది. తేమ కొలిచే మీటరు ఒకటి కొను. 40, 50 శాతం మధ్య నిలకడగా ఉంటేనే మైకులు పెట్టించు. నా మాట వింటే జనవరికి జరుపు, వానలూ పోయుంటాయి. పియానిస్టు విన్యెస్ పారిస్‌లో ‘గాస్పార్’ను మొదటిసారి వాయించిందీ 1909 జనవరిలోనే.

వేళకు తిను. అర్ధరాత్రి దాకా సాధన చేస్తున్నావని విన్నా, కోపం వచ్చింది.

ఇంకొక మాట. కరెంటు పోయి టేపు చెడిందని మీ అమ్మకు చెప్పా. ఆ వారమంతా ఆమె కూలర్ లేకుండానే పడుకుంది. ఈ ఉత్తరం చూపించకు.

మీ మామ
కడప