అభ్యర్థి కోసం కలం పట్టిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నగర పాలక మండలికి పోటీ చేస్తున్న అభ్యర్థి కోసం నువ్వు రాసిన ప్రాధాన్యాల పత్రం శ్రద్ధగా చదివాను. వాక్యాలు తేటగా ఉన్నాయి. ఎక్కడా ఎదుటి పక్షాన్ని తూలనాడలేదు, అది నాకు బాగా నచ్చింది. కానీ నీళ్లు, రోడ్లు, చెత్త, బస్సులు, పార్కులు, భద్రత, ఉపాధి, పారదర్శకత అన్నీ అందులో ఒకే ఎత్తున, నాలుగేసి వాక్యాలతో నిలబడి ఉన్నాయి. చదివితే ఆ అభ్యర్థి మంచి మనిషని తెలుస్తుంది. గెలిచాక మొదటి నెలలో ఏం చేస్తారో మాత్రం తెలియదు. పక్క వార్డులో నిలబడినవారి పేరు పెట్టినా ఆ పత్రం అలాగే సరిపోతుంది.

దీన్ని వాక్యాలు దిద్ది బాగుచేయలేవు. ముందు అభ్యర్థి ఎదుట కూర్చుని ఒక ప్రశ్న అడుగు: అనుకున్న డబ్బులో సగమే వస్తే ఏది ఆపుతారు? జవాబు వచ్చేదాకా రెండో ప్రతి మొదలుపెట్టకు. అభ్యర్థులకు ఈ ప్రశ్న ఇష్టం ఉండదు. ఏది ఆగుతుందని చెప్పినా ఎవరో ఒకరు దూరమవుతారని భయం. ఆ భయం సహజమే, దాన్ని చులకనగా చూడకు. అయితే ఏది ఆగుతుందో తేలకుండా ఏది ముందు జరుగుతుందో తేలదు. నువ్వు ఆయనకు చేయగల పెద్ద సాయం ఆ నిర్ణయం ఎన్నికల తర్వాత కాకుండా ఇప్పుడే తీసుకునేలా చేయడం.

కొలంబియా రాజధాని బొగోటాలో 1998లో ఎన్రికే పెన్యలోసా మేయర్ అయ్యేనాటికి నగరంలో ఎత్తయిన రహదారులు కట్టాలన్న ప్రణాళిక సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని పక్కన పెట్టాడు. బస్సులకు విడిగా దారులు, వెడల్పాటి కాలిబాటలు, సైకిల్ మార్గాలు, గ్రంథాలయాలు ఎంచుకున్నాడు. 2000 డిసెంబరులో ఆ విడి దారుల్లో ట్రాన్స్‌మిలేనియో అనే బస్సులు నడవడం మొదలైంది. కాలిబాటల మీద కార్లు నిలపనివ్వనందుకు ఆయన్ను పదవి నుంచి దించాలన్న ప్రయత్నమూ జరిగింది. తర్వాతి సంవత్సరాల్లో ఆ బస్సులు కిక్కిరిసిపోయి జనం రోడ్డెక్కి నిరసన తెలిపిన మాట కూడా నిజం, అది దాచి ఈ కథ చెప్పకూడదు. నేను ఇక్కడ చూడమంటున్నది బస్సు గొప్పతనం కాదు. ఫలానాది కట్టం, దాని బదులు ఫలానావి చేస్తాం అని ఒక నాయకుడు తేల్చుకున్నాడు, దానికి రాజకీయంగా మూల్యం చెల్లించడానికీ సిద్ధపడ్డాడు. నీ పత్రంలో అటువంటి వాక్యం ఒక్కటైనా ఉండాలి.

ఇక అధికారం సంగతి. నువ్వు రాసిన హామీల్లో ఎన్ని నగర మండలి చేతిలో ఉన్నాయి? పోలీసులు చాలా చోట్ల పై ప్రభుత్వం కింద ఉంటారు. పాఠశాలలు, ఆసుపత్రులు కొన్ని దేశాల్లో నగరానివి, కొన్నింట కావు. ప్రధాన రహదారి ఒక శాఖది, దాని పక్క కాలువ ఇంకో శాఖది, పైనున్న దీపం మరొకరిది. పౌరుడికి ఇవన్నీ ఒక్కటే వీధి. అభ్యర్థికి అలా కనిపిస్తే చాలదు. ప్రతి హామీ పక్కన మూడింటిలో ఒకటి రాయగలగాలి: ఇది మేమే చేయగలం, ఇది మరొకరితో కలిసి చేయాలి, ఇది మా చేతిలో లేదు గనుక దీనికోసం పోరాడతాం. మూడోదాన్ని మొదటిదానిలా రాయడం ఓటరును మోసం చేయడమే.

అమెరికాలోని ఫ్లింట్ నగరం గురించి చదువు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి ఆ ఊరి తాగునీటిని ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. పైపులు తుప్పు పట్టకుండా కలపవలసిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం కుళాయి నీళ్లలోకి దిగింది. పిల్లల రక్తంలో సీసం పెరిగినట్టు వైద్యులు కనిపెట్టారు. అప్పుడు అక్కడ నిర్ణయాధికారం రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అత్యవసర అధికారిది. ప్రజలు ఎన్నుకున్న కౌన్సిల్ 2015 మార్చిలో పాత నీటికి తిరిగి వెళ్లాలని 7–1 ఓట్లతో తీర్మానం చేసింది. ఆ అధికారి ఒప్పుకోలేదు. మళ్లీ పాత నీళ్లు రావడానికి అక్టోబరు దాకా పట్టింది. ఆ ఊళ్లో అప్పుడు ఎవరైనా "స్వచ్ఛమైన నీరు ఇస్తాను" అని కరపత్రం వేసి ఉంటే, దానిలో అన్నిటికన్నా ముందు రావలసిన మాట నీటి గురించి కాదు, నిర్ణయించే హక్కును తిరిగి తెచ్చుకోవడం గురించి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. నీ పత్రంలో కంటికి కనబడేవే ఎక్కువ: ఉద్యానం, కూడలి, సాంస్కృతిక భవనం. నేల కింద ఉన్నవాటికి ఒక్క పేరా. నగర జీవితాన్ని నిలబెట్టేది ఎక్కువగా ఆ ఒక్క పేరాలోని సంగతులే.

లండన్‌లో 1854లో జాన్ స్నో అనే వైద్యుడు కలరా మరణాలను పటం మీద గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటి పంపు చుట్టూ గుమికూడి ఉన్నాయని చూపించాడు. పంపు పిడి తీసేశారు. అయినా మురుగు థేమ్స్ నదిలో కలవడం ఆగలేదు. 1858 వేసవిలో నది కంపు పార్లమెంటు భవనంలోకే చొరబడ్డాక గానీ చట్టం కదల్లేదు. జోసెఫ్ బజాల్జెట్ అనే ఇంజనీరు నేల కింద పెద్ద మురుగు కాలువల వ్యవస్థ నిర్మించాడు. అందులో చాలా భాగం ఇప్పటికీ పనిచేస్తోంది. 1866లో కలరా మళ్లీ వచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నది నగరం తూర్పు భాగం, కొత్త వ్యవస్థ ఇంకా పూర్తికాని వైపు. కాలువలు ముందు ఎటువైపు తవ్వాలి, తర్వాత ఎటువైపు అన్న నిర్ణయం మీద ప్రాణాలు ఆధారపడతాయి. "అన్ని ప్రాంతాల సమగ్రాభివృద్ధి" అని రాసిన చోట నువ్వు ఈ ప్రశ్నను దాటేశావు.

అందువల్ల పనుల క్రమం రాయి. కొత్త తారు వేశాక పైపు కోసం అదే రోడ్డును తవ్వడం ప్రతి నగరంలోనూ జరిగే పాడు పని. ముందు పైపులు, కేబుళ్లు, వాన నీటి కాలువలు, ఆ తర్వాతే రోడ్డు అని మీ పత్రం మాట ఇవ్వగలిగితే, ఏ వీధిలో ఏ పని ఎప్పుడో అందరికీ ముందే తెలిసేలా పెడతామని చెప్పగలిగితే, కొత్త పార్కు హామీ కంటే దానికే ఎక్కువ విలువ ఇస్తాను. నీటి విషయంలోనూ అంతే. కొత్త జలాశయం అనేముందు, ఉన్న నీటిలో ఎంత భాగం పగిలిన పైపుల్లోంచి నేలపాలవుతోందో అడుగు. లీకులు మూసి ఆదా చేసిన నీళ్లు దూరం నుంచి తెచ్చే నీళ్లకన్నా తరచు చౌక, పైగా త్వరగా అందుతాయి. కానీ లీకు మూయడానికి శంకుస్థాపన ఉండదు, ఫలకం ఉండదు. దాని గురించి చదివించేలా రాయడం కష్టం. ఆ కష్టం కోసమే రచయిత అవసరం.

నిర్వహణ గురించి కూడా నీ పత్రంలో ఏమీ లేదు. గ్రంథాలయం కట్టడానికి ఒకసారి డబ్బు కావాలి, దాన్ని తెరిచి ఉంచడానికి ప్రతి ఏడాదీ కావాలి. కట్టే డబ్బు అప్పుగానో గ్రాంటుగానో దొరుకుతుంది. గ్రంథపాలకుడి జీతం, కరెంటు బిల్లు, కప్పు మరమ్మతు నగరం రోజువారీ ఆదాయంలోంచే రావాలి. ప్రతి కొత్త నిర్మాణం పక్కనా ఏటా అయ్యే ఖర్చు వేసి, అది ఎక్కడి నుంచి వస్తుందో రాయి. ఆ అంకె దొరక్కపోతే ఆ హామీని పక్కన పెట్టమని అభ్యర్థికి చెప్పు.

ఇలాంటి కనబడని పనులకు ఓట్లు రావని ఎవరైనా అంటే నమ్మకు. అమెరికాలో మిల్వాకీ నగరం 1910లో ఎమిల్ సైడెల్‌ను, తర్వాత 1916 నుంచి 1940 వరకు డేనియల్ హోన్‌ను మేయర్‌గా ఎన్నుకుంది. ఇద్దరూ సోషలిస్టులు. మురుగునీటి వ్యవస్థ, ప్రజారోగ్యం, పార్కులు, నిజాయితీ గల పాలన వారి గొప్పలు. సొంత పార్టీలోని సిద్ధాంతవాదులే "మురుగు కాలువల సోషలిస్టులు" అని వారిని ఎద్దేవా చేశారు. ఓటర్లు మాత్రం హోన్‌ను 24 ఏళ్లు ఉంచుకున్నారు. వారికంటే ముందే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1873 నుంచి 1876 వరకు మేయర్‌గా ఉన్న జోసెఫ్ ఛాంబర్లేన్, ప్రైవేటు గ్యాస్, నీటి కంపెనీలను నగరం చేత కొనిపించాడు. గ్యాస్ మీద వచ్చిన లాభం నగరాన్ని బాగుచేయడానికి వాడవచ్చు గానీ, నీటి మీద లాభం తీయకూడదన్నది ఆయన వాదన. దేని మీద సంపాదించవచ్చు, దేని మీద కూడదు అన్న ఈ తేడా మీ అభ్యర్థి మనసులో కూడా స్పష్టంగా ఉండాలి. ఆస్తిపన్ను, నీటి చార్జీ, పార్కింగ్ రుసుము గురించి ఒక్క మాటా లేకుండా ఖర్చుల గురించే రాసిన పత్రం సగం పత్రం.

ప్రజలను అడిగి నిర్ణయిస్తాం అని చివరి పేజీలో రాశావు. మంచిదే. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే 1989లో, ఒలీవియో దూత్రా మేయర్‌గా ఉండగా, బడ్జెట్‌లో పెట్టుబడి పనులను పేటల వారీ సభల్లో ప్రజలే నిర్ణయించే పద్ధతి ప్రారంభించింది. మొదట్లో ఖజానాలో జీతాలు పోను దాదాపు ఏమీ మిగల్లేదు. అడిగిన పనులు జరక్కపోయేసరికి రెండో ఏడు సభలకు వచ్చేవారు తగ్గారు. పన్నులు సవరించి, ఆదాయం పెరిగి, వీధుల్లో పని కనబడ్డాకే జనం తిరిగి పెద్ద ఎత్తున వచ్చారు. డబ్బు పంచడానికి వాళ్లు పెట్టుకున్న కొలమానం నీకు పనికొస్తుంది: ఆ ప్రాంత జనాభా ఎంత, ఆ సదుపాయం అక్కడ ఎంత కొరతగా ఉంది, ఆ ప్రాంతం వారు దాన్ని ఎన్నో స్థానంలో అడిగారు. గొంతు పెద్దదైన వీధికి కాకుండా లోటు ఎక్కువున్న వీధికి పని దక్కాలంటే ఇలాంటి నియమం ముందే రాసి ఉండాలి. అడుగుతాం అని మాత్రమే రాస్తే సభకు రాగలిగినవారే, సాయంత్రం తీరిక ఉన్నవారే నగరమైపోతారు. పొద్దుపోయేదాకా పనిలో ఉండేవాళ్లు, చంటిపిల్లల తల్లులు, అద్దె ఇళ్లు మారుతూ ఉండేవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లాలి, పత్రం రాయకముందే వెళ్లాలి. బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారో వాళ్లను అడుగు. "మరిన్ని బస్సులు" అన్న నీ మాట అప్పుడు "రాత్రి పదింటి తర్వాత కూడా ప్రతి పావుగంటకు ఒక బస్సు" అని మారుతుంది.

ఉపాధి పేరా చాలావరకు తీసేయవచ్చు. నగర మండలి ఉద్యోగాలు సృష్టించగలిగేది కొంతే. చిరువ్యాపారులకు చోటు, త్వరగా దొరికే అనుమతులు, పనికి చేర్చే రవాణా, ఇవి చెప్పు చాలు. పారదర్శకతకు పేరా అక్కర్లేదు. కాంట్రాక్టు ఎవరికి, ఎంతకు, ఎప్పటికి అన్నది ప్రకటిస్తామని ఒక వాక్యం రాయి.

భద్రత గురించి రాసేటప్పుడు నార్వే రాజధాని ఓస్లోను గుర్తుంచుకో. 2015 ఎన్నికల తర్వాత అక్కడ అధికారంలోకి వచ్చిన కూటమి 2019 నాటికి నగర కేంద్రాన్ని ప్రైవేటు కార్లు లేనిదిగా చేస్తామంది. వర్తకులు ఎదురు తిరిగారు. కూటమి లక్ష్యాన్ని వదల్లేదు, దారి మార్చుకుంది: కార్లను నిషేధించే బదులు వీధుల్లో వందల పార్కింగ్ స్థలాలు తీసేసి, ఆ చోటు నడిచేవారికీ సైకిళ్లకూ ఇచ్చింది. వేగ పరిమితులూ తగ్గాయి. 2019లో ఓస్లో రోడ్ల మీద పాదచారి గానీ సైకిల్ మీద వెళ్లేవారు గానీ ఒక్కరూ చనిపోలేదు. హామీలో పద్ధతి మారినా ఫలితాన్ని కొలవగలగాలి. "సురక్షిత రహదారులు" అన్నదాన్ని కొలవలేం, రోడ్డు మీద చనిపోయినవారి సంఖ్యను కొలవగలం.

భాష గురించి కొంచెమే చెప్పాలి. "చర్యలు తీసుకోబడును" వంటి వాక్యాల్లో పని చేసేవారు కనబడరు. ఎవరు చేస్తారో రాయి. రూపురేఖలు మార్చేస్తాం, ప్రపంచ స్థాయి నగరం, సుందర నగరం లాంటివి కొట్టేయి. తొలి ఏడాది బడ్జెట్ చాలా చోట్ల పాత మండలి ఆమోదించి వెళ్లినదే అవుతుంది, కాబట్టి మొదటి వంద రోజుల్లో అద్భుతాలు రాయకు. ఆ రోజుల్లో చేయగలిగేవి లెక్కలు బయటపెట్టడం, ఆగిపోయిన పనుల జాబితా తయారుచేయడం, వెలగని దీపాలు వెలిగించడం. అవే రాయి.

నువ్వు రాసినదాన్ని అభ్యర్థి చదివి ఒప్పుకుని సంతకం పెట్టాలి. తేదీ వేయించు. ఆయన గెలిస్తే ఏడాదికోసారి అదే పత్రం తీసి ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదో ప్రజలకు రాసి ఇచ్చే పని కూడా నువ్వే అడిగి తీసుకో. ఓడితే, వీధి వీధికీ తిరిగి సేకరించిన ఆ వివరాలను గెలిచినవారికి పంపించు. పగిలిన పైపు ఏ పార్టీ వార్డులో ఉన్నా దాన్ని బాగుచేయవలసిందే. ఆ జాబితా వృథా కానివ్వకు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి