సమాధానం: నైస్మిత్ 55–60 అంకె తప్పు కాదు

జేమ్స్ నైస్మిత్ కోచ్ రికార్డు పట్టిక ఒకటి పంపి, బాస్కెట్‌బాల్ కనిపెట్టినవాడికి గెలుపుల కన్నా ఓటములే ఎక్కువేమిటి, అంకెలు తారుమారయ్యాయా అని అడిగారు. తారుమారు కాలేదండీ. అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీ జట్టు కోచ్‌గా నైస్మిత్ నెగ్గినవి 55, ఓడినవి 60. అంటే 115 ఆటల్లో గెలుపు 47.8 శాతం. ఆ జట్టు కోచ్‌లలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ మిగిలింది ఆయనకొక్కడికే, విచిత్రం!

మీ పట్టికలో అసలు తిరకాసు సంవత్సరాల దగ్గర ఉంది: 1891, 1937 రెండూ కోచ్ పనివి కావు. 1891 డిసెంబరు ఆట పుట్టిన తేదీ, అదీ మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. కాన్సాస్‌కి వచ్చింది 1898లో, వ్యాయామ విద్య, ప్రార్థన మందిరం బాధ్యతలమీద. కోచ్ పని పక్కన తగిలినదే. గెలుపు మీద ఆయనకి పెద్ద పట్టింపు లేదు, ఒక్కోసారి రిఫరీగా కూడా నిలబడేవాడు. మొదటి ఆట 1899 ఫిబ్రవరి 3న, ప్రత్యర్థి కాలేజీ కాదు, కాన్సాస్ సిటీ వైఎమ్‌సీఏ (క్రైస్తవ యువజన సంఘం) జట్టు. 5–16తో ఓడారు. అందుకని "కాలేజీల మీద రికార్డు" అన్న శీర్షిక తీసేయండి.

కోచ్ గడిలో 1898–1907 అని వేయండి, తొమ్మిది సీజన్లు. 1937 ఆయన యూనివర్సిటీ ఉద్యోగం వదిలిన ఏడాది, దాన్ని ఇక్కడ కలపొద్దు. 1907లో పగ్గాలు ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్‌వి.