ఎర్ర నక్షత్రం గుర్తున్న రేకు

ప్రశ్న: మా తాతయ్యగారి ఇంట్లో ఎర్ర నక్షత్రం గుర్తున్న కాల్టెక్స్ ఎనామిల్ రేకు ఉంది. కాల్టెక్స్, ఎస్సో, బర్మా షెల్ పేర్లు మన పెట్రోలు బంకుల మీద నుంచి ఎలా పోయాయి?

జవాబు: విశాఖపట్నంలో 1957లో మొదలైన చమురుశుద్ధి కర్మాగారం కాల్టెక్స్‌దే కనుక, ఆ నక్షత్రం మన కోస్తావారికి మరీ ఆప్తమైనది. 1970లలో ఈ మూడు కంపెనీలను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు, ఎస్సో, కాల్టెక్స్ హిందుస్థాన్ పెట్రోలియంలో కలిశాయి, బర్మా షెల్ 1977లో భారత్ పెట్రోలియం అయింది. 1960లలో ప్రకటనల్లో ప్రపంచమంతా తిరిగిన ఎస్సో పులి బొమ్మను తలచుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. ఇనుప రేకుపై గాజు పొడిని కరిగించి అతికించే పద్ధతి వల్లనే ఎనామిల్ రంగులు ఎండకు వెలిసిపోవు. పెచ్చులూడిన చోట మాత్రం తుప్పు పడుతుంది కాబట్టి, మీ రేకును తడి తగలనీయకుండా ఉంచండి. దయచేసి కొత్త రంగు వేయించకండి.