1:3కి సమానమైన నిష్పత్తి అడిగితే మా ఏడో తరగతి పాప 2:4 అంటోంది. సూత్రం అప్పజెప్తుంది గానీ తప్పు పోవట్లేదు. ఎలా చెప్పాలి?

మీ పాప చేస్తున్న తప్పే నేను తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో చేశానండీ. అదీ సిమెంటుతో. లెక్కల్లో అప్పటికి నాకు మంచి మార్కులే!

మా నాన్న తాపీ మేస్త్రి. గోడ ప్లాస్టరింగ్‌కి 'ఒకటికి ఆరు' కలపమన్నాడు. ఒక తట్ట సిమెంటుకి ఆరు తట్టల ఇసుక. కలిపాను. కాసేపటికి మాలు (సిమెంటు, ఇసుక కలిపిన మిశ్రమం) చాలట్లేదని, ఈసారి సిమెంటు రెండు తట్టలు వెయ్యమన్నాడు. సిమెంటు ఒకటి పెరిగింది కదా అని ఇసుకా ఒకటి పెంచి ఏడు తట్టలు పోశాను. ఇంకా నీళ్లు పొయ్యలేదు, నయం. నాన్న వచ్చి పొడి మాలు రంగు చూసి ఆగిపోయాడు. "ఇది ఒకటికి మూడున్నరే అయింది రా. ఇంకో ఐదు తట్టలు పొయ్యి" అన్నాడు. నిష్పత్తి అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఆయన లెక్క ఒక్కటే. ప్రతి తట్ట సిమెంటూ తన ఆరు తట్టల ఇసుకని వెంటబెట్టుకుని రావాలి. రెండో తట్టకి నేను ఒక్కటే ఇచ్చాను. మీ పాపకీ 1:3ని 'ప్రతి ఒక్కటికీ మూడు' అని చదవడం అలవాటు చెయ్యండి.

ఇందులోనే ఇంకో తిరకాసుంది. 'ఒకటికి ఆరు'లో సిమెంటు ఎంత భాగం అంటే చాలామంది పిల్లలు ఆరో వంతు అంటారు. మొత్తం ఏడు తట్టలు కాబట్టి ఏడో వంతు.

అంత్యముల లబ్ధం (రెండు చివరల అంకెల గుణకారం), మధ్యముల లబ్ధం (మధ్య రెండు అంకెల గుణకారం) సమానమన్న సూత్రం ఆ తర్వాత చూడొచ్చు. 1:6, 2:12 తీసుకుంటే 1×12, 6×2 రెండూ 12. నా 2:7కి అది కుదరదు, 7 ఒకపక్క, 12 ఒకపక్క.

ఇంట్లో సిమెంటు ఉండదు గనక జెండా గీయించండి. మన జెండా పొడవు, ఎత్తుల నిష్పత్తి 3:2. పొడవు 12 సెం.మీ. పెట్టి, ముందు పాప పద్ధతిలోనే కానివ్వండి: 3కి 9 కలిపితే 12, కాబట్టి 2కీ 9 కలిపి ఎత్తు 11. పక్కనే 3నీ 2నీ నాలుగు రెట్లు చేసి 12కి 8తో ఇంకోటి. మీరేం మాట్లాడకండి. మా తమ్ముడి కొడుకు మొదటి బొమ్మ చూసి "ఇది జేబురుమాలు" అని నవ్వి, వాడే చెరిపేశాడు.