వానలో నడకకు వెళ్తే ఏమైనా కనిపిస్తాయా?

ప్రశ్న: శరదృతువులో వాన పడుతున్న ఉదయం పొలాల వైపు నడకకు వెళ్తే పక్షులూ జంతువులూ కనిపిస్తాయా, లేక అన్నీ ఎక్కడో నక్కి ఉంటాయా?

కనిపిస్తాయి. కాకపోతే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్లండి. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. గొడుగు మీద వాన చేసే రొదలో ఇంకేమీ వినపడదు. ముందు చెవికి అందితేనే కదా, కన్ను అటు తిరిగేది!

నాకూ ఈ సంగతి గొడుగు విరిగాకే తెలిసింది. కాలువ గట్టు మీద నడుస్తుంటే గాలికి అది వెనక్కి తిరగబడి రెండు ఊచలు పోయాయి. తిట్టుకుంటూ ఓ చెట్టు కిందకి చేరాను. అప్పటిదాకా చూసింది దారికి అడ్డంగా పాకుతున్న నత్తల్ని, గడ్డి నిండా సాలెగూళ్లని. ఆ గూళ్లు రోజూ ఉండేవే, చినుకులు పట్టుకున్నప్పుడు గానీ మన కంటికి ఆనవు.

కాసేపటికి ఎక్కడో టప్, టప్‌మని చప్పుడు. విరిగిన కొమ్మేదో గాలికి కొట్టుకుంటోందనుకున్నాను. చూస్తే, నీళ్ల మీదకి వంగిన కొమ్మ మీద లకుముకి పిట్ట! చేపను తోక దగ్గర ముక్కున కరిచిపట్టి, తలను కొమ్మకేసి బాదుతోంది. పది దెబ్బల దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. చేప కదలడం ఆగాక దాన్ని ముక్కులోనే అటు తిప్పి, తల వైపు నుంచి మింగేసింది. తోక వైపు నుంచి అయితే పొలుసులూ రెక్కలూ గొంతుకు అడ్డం పడతాయి మరి.

ఆ తర్వాత రెండుసార్లు నీళ్లలోకి దూకి, రెండుసార్లూ వట్టి ముక్కుతో తిరిగొచ్చింది. పైన చినుకులు, అడుగున బురద. అలాంటి నీళ్లలో చేపను పోల్చుకోవడం దానికీ కష్టమే. వానలో పక్షులు హాయిగా కేరింతలు కొడతాయని కవిత్వం రాసేవాళ్లని తీసుకొచ్చి ఆ పిట్ట ముందు నిలబెట్టాలి.

ఇంకోటి కూడా అనేస్తాను. వానకు వానపాములు ఊపిరాడకే పైకొస్తాయని అందరూ ఒకటే పాట. అవి చర్మంతో శ్వాసించే ప్రాణులు, నీళ్లలో కూడా చాలాసేపు బతకగలవు. నన్నడిగితే, నేల తడిగా ఉన్నప్పుడే ఒళ్లు ఎండిపోకుండా దూరం పోవచ్చని బయల్దేరతాయి. వాటి ప్రయాణం వాటిది. మనవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాటిని తొక్కుకుంటూ పోయి, ఇక్కడేమీ కనపడదంటారు!

ఈ పిట్ట కథ ఎవరికి చెప్పినా మొదటి మాట, "ఫోటో ఏదీ?" ఫోన్ తడవకుండా రెండు కవర్లలో చుట్టి సంచి అడుగున పెట్టానండీ. అది బయటికి తీసేలోపు చూడాల్సింది కాస్తా అయిపోతుంది.

టోపీ మాత్రం పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. మూడోసారి దూకడానికి అది మెడ వంచిందో లేదో, నాకు తుమ్మొచ్చింది. నీలం గీతలా నీళ్ల మీదుగా పోయింది, మళ్లీ రాలేదు.