తరుగు తీసినవాడు క్రూరుడేనా?

సందేహం: నేను రాసిన కథలో పత్తి వ్యాపారి తేమ పేరు చెప్పి రైతుకు అన్యాయంగా తరుగు తీస్తాడు, అంటే తూకంలో కోత వేస్తాడు. అతన్ని 'క్రూరుడు' అని రాశాను. చదివిన స్నేహితురాలు 'వాడు స్వార్థపరుడే, క్రూరుడు కాడు' అంటున్నది. ఆకలికోసం మాత్రమే చంపే పులిని మనం క్రూరమృగం అంటున్నప్పుడు, లాభం కోసం రైతును ముంచినవాణ్ణి క్రూరుడనడంలో తప్పేమిటి? క్రౌర్యం, క్రూరత్వం, క్రౌర్యత - వీటిలో ఏది సరైనది? - ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ స్నేహితురాలి మాటే సరి. అయితే పులి గురించి మీరడిగింది చాలా మంచి ప్రశ్న, అక్కడినుంచే మొదలుపెడదాం.

సంస్కృతంలో 'క్రవ్యం' అంటే పచ్చి మాంసం. పచ్చి మాంసం తినేవాడు క్రవ్యాదుడు, అంటే రాక్షసుడు. 'క్రూర' శబ్దం ఈ కుటుంబానిదే. వేదకాలంలో దానికి నెత్తురోడే, పచ్చిపుండైన అనే అర్థాలున్నాయి. (ఇంగ్లీషు 'క్రూయల్', 'క్రూడ్' కూడా దూరపు చుట్టాలే. ఒకరి నుంచి ఒకరు తెచ్చుకున్న మాటలు కావు, మూలం ఒకటి.) క్రూరమృగం అన్నప్పుడు మనం చెప్పేది వేటాడి పచ్చి మాంసం తినే భయంకరమైన జంతువు అనే. అందులో పులి గుణం మీద తీర్పేమీ లేదు. మనిషికి వాడేసరికి అర్థం మారింది. ఎదుటివాడి బాధ తెలిసీ కనికరించనివాడు, ఆ బాధనే కోరుకునేవాడు క్రూరుడు. కాబట్టి పులిని చూపించి మీ వ్యాపారికి ఆ బిరుదు ఇవ్వలేం.

అమరకోశం రాసిన అమరసింహుడు ఈ తేడాను ఒకే పంక్తిలో చూపాడు: 'నృశంసో ఘాతుకః క్రూరః పాపో ధూర్తస్తు వంచకః'. మొదటి నాలుగూ (నృశంసుడు అంటే దయలేనివాడు, ఘాతుకుడు అంటే చంపేవాడు, క్రూరుడు, పాపి) ఒక గుంపు. ధూర్తుడి తర్వాత 'తు' వచ్చింది. 'తు' చేరిన పదం వెనకటి గుంపులో కలవదని, అక్కడినుంచి కొత్త గుంపు మొదలవుతుందని ఆయనే గ్రంథారంభంలో నియమం చెప్పుకున్నాడు. అంటే చంపేవాడితో క్రూరుణ్ణి చేర్చి, మోసగాణ్ణి విడిగా కూర్చోబెట్టాడు. తేమ 10 శాతమే ఉన్నా 14 అని చెప్పి, క్వింటాలుకు 2 కిలోల చొప్పున 10 క్వింటాళ్లకు 20 కిలోలు తరుగు రాసే మీ వ్యాపారి ధూర్తుడు, లుబ్ధుడు (పేరాశ ఉన్నవాడు). ఇంకా క్రూరుడు కాలేదు.

వ్యతిరేక పదాలతో పరీక్షించినా ఇది తేలిపోతుంది. స్వార్థానికి ఎదురు పరార్థం, త్యాగం. క్రౌర్యానికి ఎదురు దయ, కనికరం. ఎదురుపదాలు వేరైతే గుణాలూ వేరే. పైసా విదల్చకపోయినా ఏడ్చే పిల్లవాణ్ణి చూసి కరిగేవాళ్లున్నారు. తనకంటూ ఏమీ ఆశించకుండా, నమ్మిన పని కోసం మనుషులను చిత్రహింస పెట్టేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకంలో స్వార్థమే లేదు, ఉన్నదంతా క్రౌర్యం. యక్షప్రశ్నల్లో ధర్మరాజు 'ఆనృశంస్యం' పరమధర్మం అన్నాడు. నృశంసుడి గుణం లేకపోవడం అన్నమాట. ఆ జవాబులో లాభనష్టాల ఊసు లేదు.

నిఘంటువుల కంటే మన తెలుగు క్రియలు ఈ తేడాను ఇంకా సూటిగా పట్టుకున్నాయి. స్వార్థం చెప్పేటప్పుడు వరంగల్లు పల్లెల్లో ఏమంటారో వినండి: గుంజుకున్నడు, దాసుకున్నడు, దోసుకున్నడు, కలుపుకున్నడు. అన్నింటి చివరా 'కొను' ఉంది. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు, పని ఫలితం చేసినవాడికే చేరుతుందని అర్థం. క్రౌర్యం చెప్పేటప్పుడు క్రియ ఎదుటివాడివైపు తిరుగుతుంది: ఏడిపిచ్చిండు, గోస పెట్టిండు, అరిగోస పెట్టిండు, సతాయించిండు. ఇక్కడ వినిపించేది 'ఇంచు', 'పెట్టు'. బాధ అవతలివాడికి చేరుతుంది.

ఇప్పుడు రెండూ కలిసిన మాట చూడండి: 'ఏడిపించుకు తింటున్నడు'. ఏడిపించు, దాని మీద కొను, దాని మీద తిను. ఎదుటివాడి ఏడుపే తనకు తిండి అయింది. కాల్చుకు తినడం, పీక్కు తినడం కూడా ఇలాంటివే. పచ్చి మాంసం నుంచి పుట్టిన సంస్కృత పదంతో ఏ సంబంధమూ లేకుండానే తెలుగువాడి నోరు మళ్లీ తిండి దగ్గరికే వచ్చింది. క్రూరుడికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ శాస్త్రంలోనూ కనిపించలేదు. (కొను ఉన్న ప్రతి క్రియా స్వార్థమని మాత్రం అనుకోకండి, కన్నీళ్లు తుడుచుకోవడంలోనూ కొను ఉంది.)

పురాణాల్లో కల్తీ లేని ఉదాహరణ కురుసభ. రాజ్యం గెలవడం వరకు దుర్యోధనుడిది స్వార్థం. అది చేతికొచ్చాక ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్పిస్తే జానెడు నేల కూడా అదనంగా రాదు. లాభం తీసేసినా పని మిగిలే ఉంది కదా, ఆ మిగిలిందే క్రౌర్యం. కంసుడిది కల్తీ కేసు. అతన్ని నడిపేది ప్రాణభయం. ఎనిమిదో గర్భంతోనే ప్రమాదం కాబట్టి, వసుదేవుడు మొదటి బిడ్డను తెచ్చిస్తే తీసుకుపొమ్మని తిరిగి ఇచ్చేశాడు. కొడుకుల్లో ఎవరైనా శత్రువు కావచ్చని భయం పెరిగాకే చంపడం మొదలుపెట్టాడు. అయినా సంస్కృత భాగవతం అతన్ని 'నృశంసం' అన్నది ఎక్కడ? అంతకుముందు క్షణం వరకు ప్రేమగా రథం తోలిన చెల్లెలి జుట్టు పట్టుకున్నప్పుడు. స్వార్థంతో మొదలైనవాడు జాలి పుట్టాల్సిన చోట జాలిని చంపుకుంటే ఆ పేరు వస్తుంది. మీ వ్యాపారికీ ఈ దారి తెరిచే ఉంది.

ఎలాగో చెప్తాను. తరుగు సన్నివేశాన్ని అలాగే ఉంచండి. కాంటా అయిపోయింది, దడువాయి (తూకం వేసేవాడు) తూకం చీటీ ఇచ్చాడు, తక్‌పట్టీ (అమ్మకం లెక్క కాగితం) రాసేశారు. రైతుకు తెల్లారితే బిడ్డ లగ్గం, పొద్దుగూకేలోపు పుస్తెలు తీసుకొని ఊరికి బస్సు ఎక్కాలి. ఆ సంగతి వ్యాపారికి తెలిసి ఉండాలి, రైతు నోటితోనే చెప్పించండి. వ్యాపారి రైతు కండ్లముందే నోట్లు లెక్కపెట్టి, మళ్లీ గల్లాపెట్టెలో పెట్టి, 'కూసో, ఇస్త తియ్' అంటాడు. మూడవుతుంది, నాలుగవుతుంది. రైతు లేచినప్పుడల్లా ఖాతాబుక్కు మీద నుంచి తలెత్తి అతని ముఖం చూసి మళ్లీ తల దించుకుంటాడు. బస్సు వెళ్లిపోయాక అణాపైసలతో సహా మొత్తం చేతిలో పెడతాడు.

ఇందులో అతనికి మిగిలింది రూపాయి కూడా లేదు. మూడు గంటల వడ్డీ ఏపాటిది? బాధ ఎక్కడుందో అతనికి తెలుసు, ఆపడానికి ఖర్చేమీ లేదు, అయినా ఆపలేదు. తెలియడం తీసేస్తే అతను మతిమరుపువాడవుతాడు. గల్లాపెట్టెలో డబ్బు లేనట్టు రాస్తే ఇబ్బందుల్లో ఉన్నవాడవుతాడు. ఆ తలెత్తి చూడటం తీసేస్తే లక్ష్యపెట్టనివాడు, కఠినుడు అవుతాడు. మూడూ ఉంటేనే మీరు రాసిన పేరు నిలుస్తుంది.

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. పాత్ర చేసిన పని స్వార్థానిదైతే, 'క్రూరంగా నవ్వాడు', 'కర్కశంగా అన్నాడు' అని విశేషణాలతో లోటు పూడుస్తారు. పై సన్నివేశంలో 'క్రూరంగా' అని ఒక్కసారి పడినా సన్నివేశం పలచబడుతుంది. నెత్తురు చూపడమూ ఇలాంటి తప్పే, దొంగ తప్పించుకోవడానికి పొడిచిన కత్తిపోటులో నెత్తురున్నా క్రౌర్యం ఉండకపోవచ్చు. ప్రతినాయకుడు క్రూరుడే కావాలన్న నియమం కూడా లేదు. నాటక లక్షణాలు చెప్పే సంస్కృత గ్రంథం దశరూపకం ప్రతినాయక లక్షణాల్లో 'లుబ్ధ' శబ్దాన్ని మొదట పెట్టింది, 'పాపకృత్' అన్నది, 'క్రూర' అనలేదు. మీ కథకు లుబ్ధుడే చాలనుకుంటే అతన్ని అలాగే వదిలేయండి, 'తన పబ్బం గడుపుకునేవాడు' అంటే సరిపోతుంది.

ఒక మనవి. క్రూరుడికి బదులు 'కిరాతకుడు', 'కటికవాడు' అని వాడకండి. కిరాతులు అడవిలో వేటాడి బతికిన జనం, కటికవృత్తి ఒక బతుకుదెరువు. ములుగు, ఏటూరునాగారం అడవుల పక్కన కూర్చొని రాసే మనకు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇంగ్లీషు 'విలన్' కూడా ఒకప్పుడు పొలంలో పనిచేసే పల్లెటూరి మనిషి పేరే.

ఇక రూపాలు. క్రూరత్వం, క్రూరత, క్రౌర్యం మూడూ సరైన రూపాలే. శూర శౌర్యమైనట్టు, చోర చౌర్యమైనట్టు క్రూర క్రౌర్యమైంది. భావార్థం అందులోనే వచ్చేసింది కాబట్టి పైన 'త' చేర్చి 'క్రౌర్యత' అనకూడదు. స్త్రీవాచకం క్రూరురాలు.