అంత వేగం ఉన్న రిసీవర్‌కి బంతి ఎందుకు అందదు?

మీ ప్రశ్న ఇదీ: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో 40 గజాల పరుగులో అందరికన్నా ముందుండే రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) మ్యాచ్‌లో రెండు క్యాచ్‌లతో సరిపెట్టుకుంటాడు, నెమ్మదైనవాడేమో తన క్యాచ్‌లతో జట్టును వంద గజాలకు పైగా ముందుకు తీసుకెళ్తాడు. ఎందుకని?

నా మీదకు వచ్చేదాకా నాకూ అర్థం కాలేదు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు వంద మీటర్ల పరుగులో మా కాలేజీలో నేనే ఫస్ట్. సియాటెల్ వచ్చాక ఆ ధైర్యంతోనే ఆఫీసు వాళ్ల ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో రిసీవర్‌గా దిగాను (ఇందులో మీదపడి కూలదోయడం ఉండదు, నడుముకు వేలాడే పట్టీ లాగితే చాలు). మొదటి నెలంతా కలిపి పట్టింది రెండు క్యాచ్‌లు. వెనక్కి తిరిగేసరికి బంతి ఛాతీకి తగిలి కింద పడేది. క్రికెట్‌లో అయితే బంతి బ్యాట్ మీంచి లేచినప్పటి నుంచీ చూస్తూ దాని కిందికి వెళ్తాం. ఇక్కడ మనం తిరగకముందే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) వదిలేస్తాడు, అదీ మనం ఉండాల్సిన చోటికి. ఒక అడుగు అటూ ఇటూ అయితే ఆ బంతి మనది కాదు.

అసలు తంటా ఆగడంలో ఉంది. మలుపు తీసుకునే ముందు నేను నాలుగైదు చిన్న అడుగులు వేసి నిటారుగా లేచేవాణ్ణి. కాపలా కాసేవాడికి అంతకన్నా ఏం కావాలి? మా జట్టులోనే నలభై దాటిన ఒకాయన మోకాలికి పట్టీ వేసుకుని ఆడేవారు. పరుగులో నాకన్నా ఆమడ దూరం వెనక. కానీ రెండడుగుల్లో ఆగి తిరిగేవారు, ఆయన చుట్టూ ఎప్పుడూ ఖాళీయే.

దీనికి మా వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఒక జత దొరుకుతుంది. 2017 ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) కంబైన్‌లో, అంటే కొత్త ఆటగాళ్లకు పెట్టే పరీక్షల్లో, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కుర్రాడు జాన్ రాస్ 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తాడు, అప్పటికి అది రికార్డు. ఈస్టర్న్ వాషింగ్టన్ నుంచి వచ్చిన కూపర్ కప్‌కి పట్టింది 4.62. జట్లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రాస్‌ది 9వ స్థానం, కప్‌ది 69వది. మొదటి సీజన్లో రాస్‌కి ఒక్క క్యాచ్ కూడా లేదు. కప్ 2021లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు చేశాడు.

రాస్‌ది ఉత్త పరుగే అంటే మాత్రం అన్యాయం. 2016లో కాలేజీలో 17 టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించి స్కోరు చేయడం) క్యాచ్‌లు పట్టాడు, తర్వాత గాయాలు వదల్లేదు. నాకు చిరాకు తెప్పించేది కప్ సంగతి. కాలేజీలో 428 క్యాచ్‌లు పట్టినా చిన్న కాలేజీల డివిజన్ లెక్కలే కదా అన్నారు. 2014లో అదే కప్ సియాటెల్ వచ్చి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ మీద మూడు టచ్‌డౌన్లు కొట్టాడు. కప్ జట్టు 59-52తో ఓడింది, అది వేరే విషయం.

వేగం దండగ అనను. దానికి జడిసి కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాపలా కాసేవాడు) నాలుగు గజాలు వెనక్కి నిలబడతాడు. ఆ ఖాళీలో ఎప్పుడు ఆగాలో రిసీవర్‌కి తెలియకపోతే మాత్రం అది కార్నర్‌బ్యాక్‌కే లాభం.

ఈ శనివారం మ్యాచ్‌కి వెళ్తే బంతిని వదిలేసి ఒక్క రిసీవర్ నడుమునే చూడండి, ఎలా ఆగి తిరుగుతాడో తెలుస్తుంది. టీవీలో కష్టం, కెమెరా బంతి వెంటే పోతుంది. స్టేడియంలో పై వరుసల నుంచి బాగా కనిపిస్తుంది, టికెట్ కూడా చవక.